18416కి జోడీ

"నా నోట్‌బుక్‌లో చూసి రాశావు కదూ?"

వియామ్ గొంతుకి వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోయాయి.

"చూడనిస్తేగా లల్లా వియామ్ దొరసానిగారూ! మోచేత్తో కోట కట్టుకుని కూర్చుంటారు," అన్నాడు జుహైర్ నవ్వుతూ. ఆ నవ్వు చూస్తేనే ఆమెకి ఒళ్లు మండుతుంది.

ఆ ఉదయం లెక్కల మాస్టారు ఉస్తాద్ తాజీ క్లాసులో అందరిచేతా డబ్బాలోంచి తలా ఒక చీటీ తీయించారు. చీటీలోని సంఖ్యకి ఉన్న కారణాంకాలన్నీ కనిపెట్టి, ఆ సంఖ్యతో సహా కూడాలి. కాలిక్యులేటర్ వాడకూడదు. బాగా చేసిన ఇద్దరు రబాత్‌లో జరిగే లెక్కల పోటీకి వెళతారు. వియామ్ సంఖ్య 18416. గంటసేపు కుస్తీ పడితే మొత్తం 35712 తేలింది.

జుహైర్ సంఖ్య 17296. అతని మొత్తమూ 35712!

"ఉస్తాద్, వేరే సంఖ్యకి నా జవాబే ఎలా వస్తుంది? కాపీ కొట్టాడు!"

ఉస్తాద్ మీసాల్లో చిన్న నవ్వు మెదిలింది. "రేపు శుక్రవారం. నమాజుకి ముందే పేర్లు పంపాలి. అతని జవాబు తప్పని పొద్దున్నే నిరూపించు, పేరు కొట్టేస్తాను."

సాయంత్రం వియామ్ మేడ మీద కూర్చుని అతని సంఖ్యతో తలపడింది. కింద నుంచి అమ్మ పుదీనా కోయమని మూడుసార్లు అరిచింది. పదహారు, ఇరవై మూడు, నలభై ఏడు... కూడితే 35712. మళ్లీ కూడింది. ఛ! మళ్లీ అదే!

పోనీ, సంఖ్యని తీసేసి చూద్దామనుకుంది. 35712లోంచి 17296 పోతే 18416. అది తన సంఖ్య! తనదాన్ని తీసేస్తే మిగిలింది అతనిది.

పాఠంలో ఇలాగే ఒకదాని మొత్తంలోంచి దాన్ని తీసేస్తే రెండోది మిగిలే 220, 284 జంట గురించి చదివింది. పాత అరబ్బీ లెక్కల్లో వాటిని ఒకదాన్నొకటి ప్రేమించుకునే సంఖ్యలంటారట. ఇంత పెద్దవాటిలో కూడా ఉంటాయని ఆమెకి తట్టనే లేదు. చెవులు వేడెక్కాయి. సిగ్గుకన్నా ముందు కోపమే వచ్చింది.

పొద్దున్నే గేటు దగ్గర అతన్ని పట్టుకుంది.

"నిన్న నోరు పడిపోయిందా? జోడీ అని చెప్పొచ్చుగా!"

"అందరి ముందా?"

"ఏం, చెబితే ఏమయ్యేది? ఆ చీటీ నీకు రావడం ఏదో కలిసొచ్చింది, అంతేగా!"

మొదటిసారి జుహైర్ నవ్వు మాయమైంది. "రాలేదు. నాకు వేరేది వచ్చింది. నీ చీటీ కనబడితే లెక్క కట్టాను. దాని జోడీ కూడా డబ్బాలో వేసే ఉంటారని అందరినీ అడిగాను. యూనుస్ దగ్గర దొరికింది. అమ్మ కట్టిచ్చిన రొట్టెలన్నీ వాడికిచ్చేసి మార్చుకున్నాను."

"అంటే నిన్నంతా పస్తున్నావా?"

"పైగా దొంగనయ్యాను."

వియామ్ గిర్రున తిరిగి స్టాఫ్‌రూమ్‌కి నడిచింది.

"అతని జవాబు సరైనదే ఉస్తాద్. తప్పు నాది. కావాలంటే నా పేరు కొట్టేయండి."

"తప్పు ఒప్పుకున్నవాళ్ల పేరు కొట్టేస్తే లెక్కలు నేర్చుకునేవాళ్లే మిగలరమ్మా," అంటూ ఆయన రెండు పేర్లూ రాసి సంతకం పెట్టారు.

గుమ్మం బయట జుహైర్ నిలబడి ఉన్నాడు.

"రబాత్ బస్సులో నాకు దూరంగా కూర్చో," అంది వియామ్. "దారంతా వాగుతావు."

"సరే. వెనక సీట్లోనా?"

"వెనక నుంచి ఇంకా గట్టిగా వినిపిస్తుంది!" విసుగ్గా అంటూనే తల వంచుకుంది. "కిటికీ పక్కన నేను. నా పక్కన నువ్వు. మెల్లగా మాట్లాడు."