ఎడబాటు సెమిస్టర్

పిరాన్‌లో పొద్దున ఎనిమిదయింది. కుందన పళ్లు తోముకుంటూ ఉండగానే తలుపు చప్పుడయింది. ఎవరో చూడనక్కర్లేదు. పనసపొట్టు ఆవకూర వాసన మనిషికన్నా ముందే గదిలోకి వచ్చేసింది.

"లేచీసావేటి? చల్లారిపోద్ది, రా," అంటూ వాళ్లమ్మ పైడిలక్ష్మి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, చదువుకునే బల్ల మీద క్యారేజీ విప్పింది. శ్రీకాకుళంలో అప్పటికి పదకొండున్నర. అందుచేత స్లొవేనియా దేశంలో చదువుతున్న కుందన రెండు నెలలుగా రోజూ పొద్దున్నే భోజనం చేస్తోంది.

"అమ్మా, ఇవాళ్టికి అరవై రోజులు."

"అయితే ఏటి?"

"ఇంకా ఒక్క పేజీ రాయలేదు."

"తిన్నాక రాద్దువు గాని. పులుసు వెయ్యనా?"

తక్షణద్వారాలు వచ్చి నలభై ఏళ్లయింది. కాగితాల మీద ఆ పేరే గాని జనం నోట అది 'గడప'. ఇక్కడ ఎత్తిన అడుగు అక్కడ పెట్టడమే. టోక్యోలో ఉద్యోగం చేసేవాడు మధ్యాహ్నం బొబ్బిలి వచ్చి కునుకు తీసి వెళ్తాడు. కొత్త పెళ్లికూతురు అలిగి పుట్టింటికి వస్తే, కాఫీ చల్లారకముందే మొగుడు వెనకాలే దిగుతాడు. అంతా బాగానే ఉంది. అయితే మనోవైద్యులు ఒక సంగతి కనిపెట్టారు. కుందన ఈడు పిల్లలకు బెంగ అంటే ఏమిటో తెలియదు. ఎవరి కోసమూ ఎదురుచూసి ఎరగరు. మశూచి పోయినట్టే ఇదీ పోయిందని కొందరు సంబరపడ్డారు గాని, ఎదురుచూడడం రానివాళ్లకు మనిషి విలువేం తెలుస్తుందని విశ్వవిద్యాలయాలు కంగారుపడ్డాయి. అలా పుట్టింది ఎడబాటు సెమిస్టర్. నూట ఇరవై రోజులు పరదేశంలో ఉండాలి. ఇంటికి వెళ్లకూడదు, ఇంటివాళ్లతో ఫోనులో మాట్లాడకూడదు. మణికట్టు మీద వేసిన 'ఎడముద్ర'ను చూసి గడప తనంతట తానే మూసుకుంటుంది. చివర పది పేజీల బెంగపత్రం రాసివ్వాలి. అది నెగ్గకపోతే పట్టా రాదు.

నియమావళి రాసిన పెద్దలు అన్నీ ఆలోచించారు. విద్యార్థి ఇంటికి వెళ్లకూడదన్నారు గాని, ఇల్లే విద్యార్థి దగ్గరకు రాకూడదని రాయడం మరిచిపోయారు. వాళ్లెవరికీ శ్రీకాకుళంలో చుట్టాలున్నట్టు లేదు. మొదటి వారం అమ్మ ఒక్కతే వచ్చింది. రెండో వారం నాన్న కుళాయి బాగుచేస్తానని వచ్చాడు. కుళాయి బాగానే ఉంది. మూడో వారం మేనత్త పరదేశం చూస్తానని వచ్చి, మంచమెక్కి సాయంత్రం దాకా నిద్రపోయింది.

కుందన ముద్ద మింగి, ధైర్యం తెచ్చుకుంది.

"అమ్మా, నువ్వింక రావద్దు."

పైడిలక్ష్మి చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. "నానొస్తే నీకు కష్టంగా ఉందేటి?"

"కష్టం కాదమ్మా. నువ్వు రోజూ వచ్చేస్తుంటే నాకు బెంగ ఎలా పుడుతుంది? పట్టా పోతుంది."

"బెంగెట్టుకోడానికి కూడా సదువులొచ్చీసాయా!" అంది ఆవిడ. నవ్వుదామనుకుంది గాని ముఖం చిన్నబోయింది. "సరే. రానులే."

అన్నమాట ప్రకారం రాలేదు. కుందన కాగితం ముందు పెట్టుకుని 'మా అమ్మ ఇవాళ రాలేదు' అని రాసింది. తర్వాత ఏం రాయాలో తోచక, ఆకలేసి, వీధిలోకి వెళ్లి రొట్టె కొనుక్కుంది. మూడు రోజులూ అదే వరస.

నాలుగో రోజు క్లాసు పిల్లలందరినీ ఊరవతల ఉప్పుమళ్లు చూపించడానికి తీసుకెళ్లారు. ఎండలో తళతళ మెరుస్తున్న నీళ్ల మధ్య ఒక ముసలావిడ పొడవాటి చెక్కకర్రతో ఉప్పు లాగుతోంది. ఆవిడ పక్కన కుచ్చిళ్లు ఎగ్గట్టి, వంగి, అంతకన్నా చురుగ్గా లాగుతున్న మనిషిని చూసి కుందన నోరు తెరిచింది.

"అమ్మా! రానన్నావు కదా!"

"నీ కాడికి రాలేదు కదే. ఊరంతా నీదేటి?"

కొంగుకు తగిలించిన దుబాసీబిళ్ల ఆ మాటను స్లొవేనియా భాషలో పలికేసరికి, ముసలావిడ తెరెజా కర్రకు ఆనుకుని పకపకా నవ్వింది.

పైడిలక్ష్మి చేతులు దులుపుకుంది. "మాయమ్మ నౌపడ మళ్లల్లో ఉప్పు లాగేది. సముద్రం పైకొచ్చీసి మళ్లన్నీ పోయేసరికి నాకు పదేళ్లు. మొన్న నువ్వు రావొద్దన్నాక ఏడుపొచ్చి ఇటేపు నడిచాను. కాలెట్టాను. అంతే, ఇంక ఎల్లబుద్ధి కాలేదు."

అమ్మకు వంటిల్లు, ఆఫీసు తప్ప మరో లోకం ఉందని కుందన ఏనాడూ అనుకోలేదు. ఎందుకు చెప్పలేదని అడగబోయి, తానెప్పుడూ అడగలేదని గుర్తొచ్చి ఊరుకుంది. మధ్యాహ్నం ముగ్గురూ గట్టు మీద కూర్చుని చేపలపులుసు తిన్నారు. బెంగ సంగతి ఆ రోజుతో సరి.

గడువు ముగిశాక కుందన ఎలాగో పది పేజీలు నింపి పట్టుకెళ్లింది. ప్రొఫెసర్ రమామణి మొదటి రెండు పేజీలు చదివి పక్కన పెట్టేశారు.

"ఇందులో ఆకలి కనిపిస్తోంది గాని బెంగ లేదమ్మా. నువ్వు అక్కడుండే గడువు పూర్తయింది కాబట్టి పత్రం మళ్లీ రాస్తే చాలు. నాలుగు నెలలు టైమిస్తున్నాను. తర్వాత నా చేతిలో లేదు." ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "అన్నట్టు, నీ పుణ్యమా అని నియమం మార్చారు. ఇకమీదట ఇంటివాళ్లెవరూ వెళ్లకూడదు."

ఆ సాయంత్రం పైడిలక్ష్మి చిక్కుళ్లు ఒలుస్తూ మెల్లగా బయటపెట్టింది. "నానూ ఆ సెమిస్టర్‌కి అర్జీ ఎట్టాను. వయసుతో పనిలేదట. సీటొచ్చింది. తెరెజాకి ఈ ఏడు మడిలో తోడు ఎవరూ లేరు."

"కొత్త నియమం తెలుసా? మేమెవరం రాకూడదు."

"తెలుసు. నువ్వు సదివినట్టు సదవను నాను. రూల్సంటే రూల్సే."

ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ ఆవిణ్ని గడప దాకా సాగనంపారు. నాలుగు నెలలెంతలే అనుకుంది కుందన. మొదటి వారం పదింటిదాకా పడుకుంది. రెండో వారం నాన్న వండిన సాంబారును మెచ్చుకుంది కూడా. మూడో వారం నుంచి ముద్ద దిగలేదు. పనేమీ లేకపోయినా గడప దాకా నడిచి, కాసేపు నిలబడి తిరిగొచ్చేది. గుండెల్లో ఏదో బరువు. చివరికి ఆస్పత్రికి వెళ్లింది. యంత్రం ఒళ్లంతా పరీక్షించి ఏ రోగమూ లేదంది. కుందన ఈడు డాక్టరుకు ఏమీ అంతుబట్టలేదు. కట్లు కట్టే ముసలి నర్సు మాత్రం దగ్గరకు వచ్చి గడ్డం పట్టుకుంది.

"మీయమ్మ ఊళ్లో లేదేటమ్మా?"

ఆ మాట వినగానే కుందన భోరుమంది.

"మందు లేదమ్మా దీనికి," అంది నర్సు తల నిమురుతూ. "దీన్నే బెంగంటారు. నా చిన్నప్పుడు ఇంటింటా ఉండేది."

కుందన ఇంటికి వచ్చి రాయడానికి కూర్చుంది. అమ్మ పాదాలు ఎలా ఉంటాయో రాసింది. అడగకుండా వదిలేసిన ప్రశ్నలన్నీ రాసింది. తన ఇంట్లో, తన మంచం మీదే కూర్చుని, పన్నెండు రోజుల్లో పదిహేడు పేజీలు రాసింది.

ఈసారి ప్రొఫెసర్ రమామణి ఒక్క పేజీ కూడా దాటెయ్యలేదు. చివరి పేజీ ముగించి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"వెళ్లినవాళ్లకే బెంగ పుడుతుందనుకున్నాం," అన్నారు. "నెగ్గావు కుందనా. పరుగెత్తు, ముందు మీ అమ్మకు చెప్పు."

కుందన ఒక్క ఉదుటున లేచి తలుపు దాకా పరుగెత్తింది. అక్కడ టక్కున ఆగిపోయింది.

"ఇంకా నలభై రోజులున్నాయి, మేడమ్," అంది. నవ్వబోయింది, ఏడుపొచ్చింది.