పేరు రాయని ప్రార్థన

ఎమిలీ సంచి సర్దుతోంది. నల్లకోటు, ఎర్రజెండా, పచ్చజెండా, రెండు జతల బట్టలు, టిఫిన్ కేరేజీ. ఆ సంచికి అడుగున ఇంకో అడుగు ఉందనీ, అందులో పిస్టల్ ఉందనీ ఆమెకు తెలియదు. పదకొండేళ్లుగా ఆర్థర్ ఆమెకు గూడ్సు గార్డు. గూఢచారి డిపార్ట్‌మెంటుకి ఏజెంట్ 41.

"బండి ఎన్నింటికండీ?"

"పద్నాలుగూ ఇరవై. స్పెషల్. ఎందుకు?"

"అన్నం సల్లారిపోద్ది కదేటి," అంటూ ఫోన్ అందుకుంది. ఏదో టైపు చేసి తనలో తాను నవ్వుకుంది. ఆ నవ్వు తనకోసం కాదని ఆర్థర్‌కు తెలుసు. మూడు నెలలుగా చూస్తున్నాడు.

ప్రేమ్ బజార్‌లో జిరాక్స్ షాపు వెనక గది. చీఫ్ వెంకటరావు ఫైలు ముందుకు తోశాడు.

"ఆపరేషన్ ఆమెన్. మీ చర్చిలో చీటీల పెట్టె తెలుసుగా?"

తెలుసు. పేరు రాయకుండా ప్రార్థన మనవి రాసి వేస్తారు. రైల్వే వాళ్ల భార్యలు బండి నంబరు, టైము కూడా రాస్తారు. ఏ బండిని కాపాడాలో దేవుడికి తెలియాలి కదా.

"ఆ పెట్టె ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. అక్కడ అందరూ 'ఒక సోదరి', 'ఒక సోదరుడు'. అందులో ఒక సోదరుడు విదేశీ గూఢచారుల రింగ్ మనిషి. ఇవాళ మిలిటరీ స్పెషల్లో రాడార్ వెళ్తోంది. గంట క్రితం ఒక సోదరి దాని టైము రాసేసింది. బాంబు పెట్టేశారని సమాచారం. యాభై వ్యాగన్లు. వెతకడం మొదలుపెడితే రిమోట్ నొక్కేస్తాడు."

ఆర్థర్ ప్రింటవుట్ చదివాడు. 'ఆయన పక్కన కూర్చుంటే ప్లాట్‌ఫారం బెంచీ మీద ఎవరి పక్కనో కూర్చున్నట్టుంటది, బ్రదర్.' దాని కింద ఇంకొకటి. 'కడుపు పోయిన రోజు ఆయన డ్యూటీలో ఉన్నారు. బిడ్డకి జాయ్ అని పేరెట్టుకున్నాను. ఎవరికీ సెప్పలేదు.'

ఆ రోజు ఎమిలీ ఫోన్లో తనతో "బాగానే ఉన్నాను" అంది.

"వాణ్ని నేనే పట్టుకుంటాను సార్."

"దేశం కోసమేనా?"

ఆర్థర్ ప్రింటవుట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

టెక్నికల్ వాళ్లు ఆమె ఖాతా తెరిచి ఇచ్చారు. ఆమెలా రాయడానికి అతను నాలుగుసార్లు చెరిపాడు. 'బ్రదర్, బండి లైను మార్సినారు. మిమ్మల్ని సూసి సెప్పాలి.'

వెంటనే జవాబు. 'ఫుట్‌బ్రిడ్జి. పద్నాలుగూ పది. ఎర్ర గొడుగు.'

బ్రిడ్జి మీద నిలబడి ఆర్థర్ ఆ మగాణ్ని ఊహించుకున్నాడు. తనకంటే పొడగరి. తనకంటే మెత్తటి గొంతు. కింద స్పెషల్ సిద్ధంగా ఉంది.

ఎర్ర గొడుగు పద్నాలుగూ పద్దెనిమిదికి వచ్చింది. గొడుగు కింద పట్టుచీర, నల్లద్దాలు, ఖరీదైన సెంటు. జెన్నిఫర్. రింగ్‌లోకి డిపార్ట్‌మెంటే రహస్యంగా పంపిన మనిషి. ఇప్పుడు వాళ్ల మనిషే అయిపోయింది.

"ఎమిలీ వస్తుందనుకున్నాను," అంది నవ్వుతూ. "నువ్వు మీసాలున్నవాడి కోసం చూస్తున్నావా, ఆర్థర్?"

అతను ఆమె మణికట్టు పట్టుకుని చేతిలోని ఫోన్ లాగాడు. తెరమీద బాంబు గడియారం అంకెలు 14:20 వైపు పరుగెడుతున్నాయి. 14:19:31.

"ఆపు."

"పాస్‌వర్డ్ కావాలి. నీ భార్య నాకు చెప్పిన మాటే. మొగుడివి, నీకు తెలియకుండా ఉంటుందా?"

14:19:50. ఆర్థర్ టైపు చేశాడు. జాయ్.

14:19:58 దగ్గర అంకెలు ఆగిపోయాయి. స్పెషల్ కూత వేసింది. జెన్నిఫర్ నవ్వు ఆగింది.

మర్నాడు సాక్ష్యానికి ఎమిలీని పిలిచారు. ఆ బ్రదర్ ఎవరో, తన భర్త ఎవరో ఒకే గదిలో చెప్పారు.

"ఇద్దరూ పేరు సెప్పలేదు," అంది. "ఆవిడైతే నా మాట ఇన్నాది."

"నేనూ చదివాను, ఎమిలీ. అంతా."

"సదివినారు. నేను మీకు రాయలేదు కదేటి."

మూడోరోజు అదే సంచి సర్దింది, తన బట్టలతో. ఈసారి అడుగు సంగతి తెలుసు. పిస్టల్ తీసి కేరేజీ పక్కన పెట్టింది.

డిపార్ట్‌మెంటు ఆర్థర్‌కి పతకం ఇచ్చింది. రహస్యం కాబట్టి దానిమీద 'ఒక ఉద్యోగి' అని మాత్రం చెక్కించారు.

ఎమిలీ 2023 నవంబరు 16, గురువారం మధ్యాహ్నం విశాఖ బండి ఎక్కింది. తిరిగి రాలేదు.