కీచు వెనక మాట

పొద్దున ఎనిమిదైనా మంచు వదల్లేదు. విమానాశ్రయం టవర్ పైగదికి నాలుగు వైపులా అద్దాలే. అయినా కింద రన్‌వే కాదు కదా, బయటి రెయిలింగ్ కూడా కనపడటం లేదు. విమానాలన్నీ ఆపేశారు. మైదానంలో ఒక్క ఇంజను తిరగడం లేదు. ఇలాంటి పొద్దున పెద్దాయన కాళ్ళు చాపుకుని హాయిగా టీ తాగాల్సింది. తాగలేకపోతున్నాడు. ఎదురుగా విచారణ నివేదిక ఉంది. పదకొండింటికల్లా దాని మీద ఆయన సంతకం పడాలి.

ఇరవై రెండేళ్ళుగా ఆయన చేస్తున్న పని విమానాలతో మాట్లాడటం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, పెద్దాయన నోరు మంచిదైతే ఆకాశం మంచిదని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. ఆ పనిలో తప్పకూడని నియమం ఒకటుంది. చెప్పిన మాటని పైలట్ పాఠంలా తిరిగి అప్పజెప్పాలి. అది చెవిన పడితేనే చెప్పినట్టు. రేడియోలో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కారా, ఇద్దరి మాటా పోయి కీచుమనే చప్పుడొక్కటే వస్తుంది. అప్పుడు మళ్ళీ చెప్పమని అడిగి తీరాలి.

పది నెలల కిందట ఒక సాయంత్రం ఆయన అడగలేదు. సరుకులు మోసే చిన్న విమానం రన్‌వే అంచున ఉంది. అందులో పైలట్ ఒక్కడే. పెద్దాయన ముందు రన్‌వే మీదికి రమ్మన్నాడు. అంతలోనే పెద్ద విమానం దిగుతుండటం చూసి, వద్దు, ఆగమన్నాడు. జవాబుగా కీచుమంది. డ్యూటీ దిగే వేళ, ఇంటికెళ్ళే తొందర. మౌనమే అర్ధాంగీకారమైతే, కీచు ముప్పాతిక అంగీకారం కాదా? మరో విమానం వైపు తిరిగిపోయాడు. చిన్న విమానం ఆగలేదు. దిగుతున్న విమానం రెక్క తగిలి, పైలట్‌తో సహా కాలిపోయింది.

విచారణలో మాత్రం, ఆ కీచులోంచి ‘ఆగుతాను’ అన్న మాట తనకి స్పష్టంగా వినిపించిందని చెప్పాడు. ఆయన చెవి మీద అందరికీ గురి. తప్పు పైలట్‌దని రాసేశారు. చచ్చినవాడు లేచొచ్చి సాక్ష్యం చెప్పడు కదా. పైలట్ భార్య ఒకసారి ఇంటికొచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, మా ఆయన నిజంగా ఆగుతానన్నాడా అని అడిగింది. అవునమ్మా అన్నాడు. ఆవేళ్టి నుంచీ తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, జైలూ తప్పకపోవచ్చు. చెప్పకపోతే ఒక మనిషి పేరు ఎప్పటికీ బురదలోనే ఉంటుంది. తన మీద తనకే అసహ్యంగా ఉంది.

పెన్ను మూత తీశాడు.

గదిలో కాలిన ఇంధనం వాసన వేసింది. రేడియో చిటపటమంది.

“అంచు దగ్గరే ఉన్నాను సార్...”

పెన్ను జారిపోయింది. ఆ గొంతు ఆయనకి తెలుసు. విచారణలో ముప్పైసార్లు వినిపించారు.

“ఎవరు?” అన్నాడు, బటన్ నొక్కి.

“నేనేమన్నానో మీరు విన్నారట కదా. ఏమన్నాను సార్?”

అద్దం అవతల మంచు కదిలింది. గాలి లేదు... అయినా కదిలింది.

“చెప్పండి సార్. మా ఆవిడ అడుగుతోంది.”

అంతే, ఇక దాచుకోలేకపోయాడు. బటన్ గట్టిగా నొక్కి, తాను అబద్ధం చెప్పాననీ, తనకేమీ వినపడలేదనీ, తప్పంతా తనదేననీ ఏడుస్తూ చెప్పేశాడు. ఈ రేడియోలో ప్రతి మాటా రికార్డవుతుంది. అవనీ అనుకున్నాడు. పది నెలల తర్వాత మొదటిసారి ఊపిరి నిండా అందింది.

బటన్ వదిలాడు.

“కీచుమంది సార్. మళ్ళీ చెప్పండి.”

మళ్ళీ చెప్పాడు.

“కీచుమంది సార్. మళ్ళీ చెప్పండి... ఆరోజు నేనన్నదీ ఇదే.”

మూడోసారి చెప్పాడు. నాలుగోసారి అరిచాడు. ఆయన బటన్ నొక్కినప్పుడల్లా ఇంకెవరో నొక్కుతున్నారు. మైదానంలో ఎవరూ లేరు. ఎవరూ లేరు...

తలుపు తెరుచుకుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి లోపలికొచ్చింది. ఆయన దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి. నివేదిక కోసం వచ్చింది. రేడియో చప్పున మూగబోయింది. పోనీ, రేడియో ఎందుకు, ఎదురుగా మనిషే ఉంది కదా అనుకున్నాడు. లేచి ఆమెకి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

“అమ్మాయ్, నేను అబద్ధం చెప్పాను. అతను ఆగుతానన్నట్టు నాకు వినపడలేదు. చంపింది నేనే.”

తన గొంతు తనకి స్పష్టంగానే వినిపించింది. ఆమె మాత్రం ముఖం చిట్లించి, రెండు చెవులూ అరచేతులతో మూసుకుంది. పళ్ళు బిగబట్టింది. కాసేపటికి చేతులు దించి, ఎప్పటిలాగే నవ్వింది.

“సరే సార్. సంతకం పెడతానంటున్నారు, అంతేగా?”

“కాదమ్మా... నేనేమన్నానో విన్నావా?”

ఆమె మళ్ళీ చెవులు మూసుకుని తీసింది. స్పష్టంగా విన్నాను సార్ అంటూ కింద పడిన పెన్ను తీసి ఆయన చేతికిచ్చింది.

ఆమె కుడి చెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది. ఆమెకి తెలిసినట్టు లేదు.