గుమ్మడికాయ మీద మొదటి కత్తి

ఆదివారం పొద్దున కోమల ఇంటి అరుగు చూస్తే, చెన్నూరు కూరగాయల అంగడి దారి తప్పి ఈ గల్లీలోకి వచ్చిందేమో అనిపిస్తుంది. పోశవ్వ బుట్టెడు వంకాయలు తెచ్చి కుమ్మరిస్తుంది. ఎదురింటి వినోద మిద్దె మీద రంగు డబ్బాల్లో కాసిన టమాటాలు తెస్తుంది. కోమల పెరట్లోని పుంటికూర, చిక్కుడుకాయలు సరేసరి. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకుపోతారు. అమ్మడం లేదు, కొనడం లేదు. నోళ్ళు మాత్రం ఆడుతూనే ఉంటాయి, ఎవరి బీరకాయ చేదొచ్చిందో అన్న దగ్గర మొదలై ఎవరి అల్లుడు అలిగిపోయాడో అన్నదాకా.

ఆ రోజు అందరి కళ్ళూ ఒక్కదాని మీదే ఉన్నాయి. బాత్‌రూం రేకుల మీదికి పాకిన తీగకు కాసిన గుమ్మడికాయ అది. తొడిమ ఎండింది. గోరు గుచ్చితే దిగడం లేదు. కోమల, వినోద చెరో పక్క పట్టి దించేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. అంత కాయ ఒక ఇంట్లో తరిగేది కాదు, గల్లీ అంతా పంచుకోవాల్సిందే.

"మరి కోస్తవా?" అని అడిగేసి పోశవ్వ వెంటనే నాలుక కరుచుకుంది.

నిండు గుమ్మడికాయ మీద ఆడది మొదటి కత్తి పెట్టకూడదని ఆ ఇళ్ళల్లో పట్టింపు. మగవాడు ఒక దెబ్బ వేసి రెండు చెక్కలు చేసి ఇచ్చాకే ఆడవాళ్ళు ముట్టాలి. కాదని కోస్తే ఇంటికి కీడు అంటారు. విత్తు పెట్టింది, నీళ్ళు పోసింది, ఎరువు మోసింది ఆడవాళ్ళే అయినా సరే, ఆ చివరి దెబ్బకు మాత్రం మీసం కావాలి. కోమలకు ఆ మాట తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. భర్త సాగర్ మస్కట్‌లో క్రేన్ నడుపుతున్నాడు. ఇంట్లో ఉండేది తను, అత్త బుచ్చవ్వ. ఇక మగవాడంటే మంచిర్యాల నుంచి బావ మల్లేష్ రావాల్సిందే. రాత్రే ఫోన్ చేశానని, బయలుదేరాడని బుచ్చవ్వ గొప్పగా చెప్పింది.

మల్లేష్ వచ్చాడు. ఒక్కడే రాలేదు. బండి వెనక మేస్త్రీ కైలాసం, అతని ఒళ్ళో సున్నపు ముగ్గు సంచి ఉన్నాయి. పెరటిని చదును చేసి అద్దెకు గదులు కట్టాలని మల్లేష్ ఎప్పటినుంచో అంటున్నాడు. కోమల వద్దంటోంది. మస్కట్ నుంచి సాగర్, అన్నతో లొల్లి పెట్టుకోవద్దని ఫోన్‌లో బతిమాలుకున్నాడు. లొల్లి పెట్టనని, ఒప్పుకోనని, రెండూ వేరు వేరని కోమల అతనికి చెప్పింది. ఇల్లు బుచ్చవ్వ పేరు మీద ఉంది. ఆమె పెద్ద కొడుకుకు అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రికి తీసుకుపోయేది అతనే. అతనికి కోపం తెప్పిస్తే రేపు ఎవరొస్తారని ఆమె భయం.

కైలాసం కొలత పట్టి ముగ్గు పోస్తూ చిక్కుడు పందిరి దాటాడు. పుంటికూర మడి దగ్గరికి వచ్చేసరికి గీత ఆగిపోయింది. మడి మధ్యలో కోమల గొంతుక్కూర్చుని తీరిగ్గా కూర తెంపుతోంది.

"జరుగు కోమలా" అన్నాడు మల్లేష్.

"జరగ బావా. కూర తెంపాలె."

"రేపటికి గిక్కడ గోడ లేస్తది."

"లేవది. నువ్వు ముగ్గు పోసుకుంట పో, నేను ఊడ్సుకుంట వస్త. ఎవలు ముందు అలిసిపోతరో సూద్దాం."

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మల్లేష్ మొహం ఎర్రబడింది. కోపంలో మనిషి అడుగున దాచుకున్నదంతా పైకి వస్తుంది. అతనికీ అంతే అయింది.

"ఈ పెరట్ల కాసింది మనం తిన్నదెన్నడు? మంచియన్ని గేటు దాటుడే గద. చిన్నప్పుడు నేను గుమ్మడికాయ కూర గావాలని ఏడిస్తే, అవ్వ నిండు కాయ ఎత్తుకపోయి పక్కింట్ల ఇచ్చొచ్చింది. కొడుకుల నోరు గొట్టి ఊరికి పెట్టుడే తెలుసు ఈ పెరడుకు. గందుకే కడుతున్న."

అరుగు మీదున్న బుచ్చవ్వ తల ఎత్తలేదు. కోమల కూడా కదల్లేదు. మల్లేష్ అరుగు మీది కత్తిని కాయ పక్కకు విసురుగా నెట్టి, కైలాసాన్ని బండి తీయమన్నాడు.

"మగదిక్కు లేని ఇంట్ల ఈ కాయ ఎవలు గోస్తరో నేను గూడ సూస్త" అంటూ గేటు వైపు నడిచాడు.

ఆ మాట కోమలకు సూటిగా తగిలింది. లేచి, మట్టి చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని కత్తి అందుకుంది. ఆడవాళ్ళంతా ఊపిరి బిగపట్టారు. బుచ్చవ్వ వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది. ఆపడానికే అనుకున్నారంతా.

"నువ్వొద్దు బిడ్డా" అంది బుచ్చవ్వ. "నీ మొగడు గంత ఎత్తుల కూసొని పని జేస్తుండు. నేను గోస్త. నాకింక పోయేదేముంది, మొగడే పాయె."

కత్తి ఆమె చేతిలోకి వెళ్ళింది. ఆమె కింద చతికిలబడి కాయను ముందుకు లాక్కుంది. గేటు దగ్గర మల్లేష్ ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకని, పంతానికి కీడు తెచ్చుకోవద్దని అక్కడినుంచే అన్నాడు. బుచ్చవ్వ కాయ మీదే చూపు నిలిపి జవాబిచ్చింది.

"మీ బాపు బొంబాయిల ఉన్నప్పుడు మీరిద్దరు గింతంత పిల్లలు. ఏటా కాయలు కాసేటియి. కోసేటోడు లేడు. ఒక్కపారి పక్కింటి ఎంకటిని పిలిస్తే, వాని పెండ్లం పదిమందిల అన్నది, బుచ్చవ్వ పిలిచింది గుమ్మడికాయ కోసుడుకేనా అని. మల్ల ఎవల్ని పిలువలే. పిలిస్తే మాట పడుడు, కోస్తే కీడు, ఇచ్చేస్తే మంచిపేరు. గందుకే నిండు కాయలు ఇచ్చిన. బుచ్చవ్వది పెద్ద చెయ్యి అన్నరు అందరు. నువ్వు ఏడుసుకుంట పండుకున్ననాడు నేను గూడ ఏడ్సిన కొడుకా. నీకు పెట్టబుద్ధిగాక గాదు. కొయ్యరాక."

గల్లీలో పెద్ద చెయ్యిగా పేరు పడ్డ మనిషి ఇన్నేళ్ళు మోసిన బరువు అది. ఈ అత్తనా తను చాదస్తపు మనిషి అని లోలోపల విసుక్కున్నది అనుకుంది కోమల. పోశవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

బుచ్చవ్వ బలమంతా పెట్టి కత్తి దించింది. గట్టి తోలులో కత్తి ఇరుక్కుపోయింది. అటు లాగింది, ఇటు లాగింది, రాలేదు. మల్లేష్ గబగబా వెనక్కి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని కత్తి పిడి మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి. కాయ పట్టుకో" అంది తల్లి.

అతను చెయ్యి తీశాడు. కాయను రెండు పక్కలా గట్టిగా అదిమి పట్టుకున్నాడు. బుచ్చవ్వ పైకి లేచి, ఒంటి బరువంతా కత్తి మీద వేసింది. కాయ పటుక్కున రెండుగా విచ్చుకుంది. ఎర్రటి కండ, తడి గింజలు, తీపి వాసన. కీడు వస్తుందేమో అని చూసినవాళ్ళకు కాకులు తప్ప ఏమీ కనిపించలేదు.

బుచ్చవ్వ ఊపిరి తీసుకుని, ముందు మేస్త్రీ వైపు తిరిగింది.

"కైలాసం, గా ముగ్గు సంచి ఎత్తుకపో. పెరడు పెరడే ఉంటది. నేనున్నన్ని దినాలు గాదు, నా కోడలు ఉన్నన్ని దినాలు. గదులు గట్టేది లేదు."

ఆమె నోట కాదన్న మాట పెద్ద కొడుకు వినడం అదే మొదటిసారి. కాయ రసం అంటిన చేతులు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. కోమల అతని ముందు నీళ్ళ చెంబు పెట్టింది. పెరట్లో పడ్డ ముగ్గును తనే ఊడుస్తానని, కూర్చోమని నెమ్మదిగా చెప్పింది.

పోశవ్వ అలవాటుగా గిన్నె ముందుకు చాపింది. ఆ ఇంట్లో మొదటి ముక్క ఎప్పుడూ గల్లీకే.

"ఆగు పోశవ్వా, నీకు గూడ ఇస్త" అని బుచ్చవ్వ పెద్ద ముక్క కోసి కోడలి చేతికిచ్చింది. "ఇది మనింట్లకు. పొయ్యి మీద పెట్టు. వీడు తిని పోతడు."

కోమల ముక్క పట్టుకుని లోపలికి నడిచింది. వెనక నుంచి మల్లేష్ పిలిచాడు. ఇంత మంది ముందు కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడి, తల వంచుకునే అడిగాడు.

"బెల్లం జర ఎక్కువెయ్యి, కోమలా."