మల్లికి కొత్త పన్ను

పాలపళ్లు దేవుడిచ్చేవి, ఆ తర్వాతివి బోరు ఇచ్చేవి అని హనుమంతునిపాడు దగ్గరి ఓ పల్లెలో ఒక మాట ఉంది. పాలపళ్లు ముత్యాల్లా ఉంటాయి. అవి ఊడి కొత్తవి వచ్చేసరికి పసుపు గీతలు, గోధుమరంగు మచ్చలు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసే పని అది. పళ్లతో ఆగినా బాగుండేది. నడివయసు దాటకముందే మోకాళ్లనూ పట్టేస్తుంది.

గిద్దలూరు నుంచి కోడలిగా వచ్చిన భాగ్యకు ఈ సంగతి పెళ్లయ్యాకే తెలిసింది. కడుపుతో ఉన్న రోజుల నుంచి ఇంట్లో తాగడానికీ వంటకూ ఫ్లోరైడ్ తీసేసి క్యాన్లలో అమ్మే ప్లాంటు నీళ్లే. నీళ్ల ఆటో రాని రోజు తనే బిందె నెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచేది. అత్త నాగేంద్రమ్మ మాత్రం ఏడేళ్లుగా ఆ క్యాన్ ముట్టలేదు. "చప్పిడి నీళ్లు! ఎవరు తాగుతారు?" అని మూతి తిప్పి, బోరు దగ్గరికి పోయి తన చెంబు తను నింపుకునేది. లేవాలంటే గోడ పట్టుకోవాలి, అయినా మొండిపట్టు వదలదు. ఎవరి పిచ్చి వారికానందం అనుకుని భాగ్య ఊరుకుంది.

ఈమధ్య ఆరేళ్ల మల్లికి కింది పన్ను ఊడింది. దాన్ని ఇంటి కప్పు మీదకు విసిరిన నాటి నుంచి భాగ్యకు ఒకటే గుబులు. కొత్తది తెల్లగా వస్తుందా, మచ్చలతో వస్తుందా? రోజూ పొద్దున్నే "నోరు తెరువు" అంటుంటే విసిగిపోయిన పిల్ల రెండు రోజులుగా పెదాలు బిగించేసింది.

ఆ పొద్దున బర్రెలకు మేత వేసి వచ్చిన భాగ్య గడపలోనే ఆగిపోయింది. మల్లి పెదాల దగ్గర నాగేంద్రమ్మ చెంబు ఉంది.

"అత్తా! పిల్లకు బోరు నీళ్లు తాపుతుండావా?"

"నేనేడ తాపినానే? అటు తిరిగి ఇటు చూసేలోపల ఎత్తుకున్నాది." నాగేంద్రమ్మ చెంబు లాక్కుంది.

"నేను చేనుకు పోయినప్పుడల్లా ఇదేనా జరిగేది? ఏడేండ్లు మోసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?"

"నోరు అదుపులో పెట్టుకో భాగ్యా! నా మనవరాలికి నేను విషం పోస్తానా?"

"మరి నువ్వెందుకు తాగుతావు? నిన్ను చూసే గదా అది నేర్చుకున్నాది!"

నాగేంద్రమ్మ చెంబును కొంగు చాటుకు తీసుకుంది. ఈ అరుపులకు హడలిపోయిన మల్లి నోరంతా తెరిచి ఆరున్నొక్క రాగం అందుకుంది.

ఆ నోట్లో, కింది చిగురు మీద, బియ్యపు గింజంత తెల్లటి మొన కనిపించింది.

ఇద్దరూ టక్కున ఆగారు.

"పెరుగన్నం మెతుకేమో" అంది భాగ్య.

నాగేంద్రమ్మ వేలు పెట్టి రుద్దింది. మళ్లీ రుద్దింది. ఊడిరాలేదు.

"పన్నే! పన్నేనే భాగ్యా! కొబ్బరిముక్క లెక్క ఉండాది!"

మల్లి ఏడుపు మరిచి ఆ వేలు కొరికింది. "కొరుకు తల్లీ, కొరుకు!" అని ముసలామె పొంగిపోయింది. గోడ అవతలి నుంచి పక్కింటి విజయమ్మ "ఏందక్కా గోల?" అంటే, "మా మల్లి పన్ను చూద్దువు, రా!" అని వీధంతా వినబడేలా కేకేసింది. భాగ్య గడప మీదే కూలబడి నవ్వుతూ ఏడ్చింది.

నాగేంద్రమ్మ మెల్లగా వచ్చి ఆమె పక్కన కూర్చుని గ్లాసు చాపింది.

"నీ క్యాన్ నీళ్లు కొంచెం పొయ్యి."

"నీకు చప్పగుంటయి గదత్తా?"

"ఏనాడన్నా తాగితే గదా రుచి తెలిసేది! నువ్వు కడుపుతో ఉన్నప్పుడు మార్కాపురం చెన్నకేశవస్వామికి మొక్కుకున్నా, బిడ్డకు తెల్లపన్ను వచ్చేదాంక ఆ నీళ్లు ముట్టనని. మొక్కు బయటికి చెప్తే ఫలించదంట."

భాగ్య నివ్వెరపోయింది. ఏడేళ్లుగా తను ఎన్నిసార్లు ఈమెను మొండిమనిషని తిట్టుకుందో!

"ఇదేం మొక్కత్తా! నీ మోకాళ్లు ఏం గావాల? తలనీలాలకు మొక్కకూడదా?"

"వెంట్రుకలదేముందే, మళ్లీ వస్తయి. అదొక మొక్కా?"

భాగ్య ఆమెను వాటేసుకుంది. చాలాసేపటికి లేచి, గ్లాసు నిండా నీళ్లు పోసి రెండు చేతులతో ఇచ్చింది. నాగేంద్రమ్మ గటగటా అడుగుదాకా తాగి, పైటతో మూతి తుడుచుకుంది.

"ఓయమ్మ, ఇంత తియ్యగుంటయా ఇవి! ఇంకో గ్లాసు పొయ్యవే."