చిత్రాంబికకు ఒడిబియ్యం

"గా మూట డిక్కీల పెట్టాలమ్మా."

నోరు జారి చాలాసార్లు తిట్లు తిన్నాను గానీ, ఈ ఒక్క మాటకు తిన్నన్ని ఎప్పుడూ తినలేదు.

సిరిసిల్ల నేతన్న చౌక్. ఉదయం ఏడున్నర. మా టూర్ బస్సు మెట్టు మీద నేను. కింద రుక్కమ్మ అనే డెబ్బై ఏళ్ల పెద్దావిడ, ఆమె చంకలో ఎర్ర గుడ్డలో కట్టిన పెద్ద మూట. ఆమె వెనక గొడుగు పట్టుకొని నన్ను కింది నుంచి మీదికి కొలుస్తున్న మనవరాలు.

"ఏమన్నవ్?" అంది మనవరాలు.

"లగేజీ డిక్కీల పెట్టాలె మేడం. రూల్."

"గది లగేజీ కాదు. ఒడిబియ్యం."

పెళ్లైన ఆడబిడ్డకు తల్లిగారు పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, కొత్త చీర ఒడిలో పోసి పంపే మూట అది. దాన్ని స్టెప్నీ టైరు పక్కన పెట్టమన్న మొనగాణ్ణి జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. ముందు సీట్లోని ఆడవాళ్లు ముగ్గురు నన్ను చూసిన చూపుకు నా తలపాగా దానంతటదే జారింది.

"సారీ మేడం. ఎవరింటికి తీస్కపోతున్నరు? దార్ల బస్సు ఆపుతం."

"ఎవరింటికేంది కొడుకా," అంది రుక్కమ్మ మెట్టెక్కుతూ. "రాణి చిత్రాంబికకు."

నా పేరు సాగర్. మాది రుద్రంగి. రెండేళ్ల కింద మా ఊరి గుట్ట పక్కన 'రాణి చిత్రాంబిక' అనే టీవీ సీరియల్ కోసం ప్లైవుడ్డు, థర్మకోల్‌తో కోట కట్టారు. కోరుట్ల అవతల పాతకాలపు బజారు సెట్టు వేశారు. యుద్ధాలు మాత్రం జగిత్యాల కోటలో తీశారు, అది నిజం కోట కాబట్టి. సీరియల్ హిట్టయింది. మూడు చోట్లూ ఒక్క రోజులో తిప్పి చూపించే బస్సు మొదలైంది. ఎంబీఏ చదివి ఖాళీగా ఉన్న నాకు తలపాగా చుట్టి, చేతికి మైకు ఇచ్చారు.

ఆ సీరియల్లో చిత్రాంబిక ఇష్టపడ్డవాణ్ణి పెళ్లి చేసుకుంటే పుట్టింటి వాళ్లు కోట తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత మూడు వందల ఎపిసోడ్లు, కథలో ఐదేళ్లు.

"ఐదేండ్లాయె," అని రుక్కమ్మ బస్సంతటికీ చెప్పింది. "ఒక్కసారన్న ఒడి పోసిన్రా? గా పిల్ల మొఖం సూడశాతగాదు."

మనవరాలు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "గది యాక్టింగని నానమ్మకు తెల్సు. ఐనా మనసు ఆగుతలేదు. మూడు నెలల నుంచి నా పానం తింటున్నది. మీ పోస్టర్ మీద 'రాణిని కలవండి' అని ఉన్నది గదా. ఉంటది గదా ఆమె?"

కోటలో ఉన్న రాణి ఒక అట్ట బొమ్మ. హీరోయిన్ హైదరాబాద్ వెళ్లి నెల దాటింది. ఆ సంగతి చెప్పడానికే నోరు తెరిచాను. కానీ ఆమె కళ్లు మరీ దగ్గర్లో ఉన్నాయి, వాటి నిండా నమ్మకం ఉంది.

"ఉంటది," అన్నాను.

ఆమె పేరు ప్రవీణ. ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. గైడుకు సోషల్ టీచర్ని మించిన శత్రువు ఉండదని నాకు పది నిమిషాల్లో తెలిసిపోయింది.

"పదిహేనో శతాబ్దంల మన చిత్రాంబిక..." అని మైకులో మొదలుపెట్టానో లేదో, నాలుగో వరసలో చెయ్యి లేచింది.

"అప్పటికి మన దగ్గర మిరపకాయలే లేవు. మరి రాణి మిర్చి బజ్జీలు ఎట్ల తిన్నది?"

"రాణులకు అన్నీ ముందే వస్తయి మేడం."

బస్సంతా నవ్వింది. ఆమె మాత్రం గబుక్కున కిటికీ వైపు తిరిగింది. నవ్వుతున్న ముఖం అద్దంలో దొరికిపోయింది. అప్పటి నుంచి రుద్రంగి దాకా నేను చెప్పిన చరిత్రలో ఒక్క ముక్కా నిజం లేదు, ఆమె చెయ్యి మళ్లీ లేవాలని తప్ప నాకు వేరే ధ్యాసా లేదు.

రుద్రంగిలో దిగేసరికి వాన. అందరం దర్బారు హాల్లోకి పరిగెత్తాం. రుక్కమ్మ మూటను కొంగు కింద దాచుకొని మరీ పరిగెత్తింది.

"గీ సింహాసనం ఐదు వందల ఏండ్ల కిందటి మోడల్," అన్నాను.

ప్రవీణ వంగి అడుగున చూసింది. "సోఫా దుకాణం స్టిక్కర్ ఉన్నది. ఫోన్ నంబర్ సుత."

"రాణిగారు ఆర్డర్ ఇచ్చిన్రు గదా, నంబర్ దాసుకున్నరు."

ఈసారి పైకే నవ్వేసింది. నవ్వుతూ పక్కనున్న బంగారు స్తంభానికి ఆనుకుంది. వానకు స్తంభం రంగు దిగుతోందని చెప్పేలోపే ఆమె కుడి చెంప బంగారమైపోయింది.

"మీ చెంపకు... జెర..."

"ఏంది?" అని చేత్తో తుడిచింది. ముక్కు కూడా బంగారమైంది.

నేను తలపాగా విప్పి అందించాను. గైడు తలపాగా విప్పకూడదని మా కంపెనీలో ఇంకో రూలు. ఆమె తుడుచుకుంటూ ఆ గుడ్డ మీది నుంచి నన్ను చూసింది. ఆ చూపుకు బయట వాన పెరిగిందని నాకనిపించింది, నిజంగానే పెరిగిందో లేదో తెలియదు.

"కొడుకా," అని వెనక నుంచి రుక్కమ్మ పిలిచింది. "రాణేది?"

మూలన నిలబెట్టిన అట్ట బొమ్మ వైపు చూపించాను. రుక్కమ్మ దాని దగ్గరికి వెళ్లింది. ఆ చెంప తడిమింది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆమె హైదరాబాద్ పోయిందమ్మా. నెల అయింది."

ప్రవీణ తలపాగా గుడ్డ నా చేతిలో పెట్టింది. "పొద్దున అడిగితే ఉంటది అన్నవ్."

"అన్న."

"లేదని తెల్సే అన్నవా?"

"తెల్సే అన్న."

"ఎందుకు?"

అబద్ధాలు ఎన్నో వచ్చిన నోటికి అప్పుడు ఒక్కటీ రాలేదు. "మీరు గట్ల సూసుకుంట అడిగితే లేదనబుద్ధి కాలే."

"నేను అడిగింది నానమ్మ కోసం! ఆమె రాత్రంత నిద్రపోలే, తెల్సా నీకు?"

నేను తల దించుకున్నాను. అప్పటిదాకా కంప్లైంట్ ఇస్తే ఉద్యోగం పోతుందేమో అనే భయం కూడా ఒక మూల ఉండేది. ఆ నిమిషం నుంచి అది గుర్తే లేదు.

రుక్కమ్మ సింహాసనం మెట్ల మీద కూలబడింది. "పొద్దున దీపం ముట్టిచ్చి, బొట్టు పెట్టి కట్టిన మూట. ఎవరన్న ఆడిబిడ్డ ఒడిల పడాలె. వట్టిగ ఇంటికి వాపస్ పోవద్దు. మీ తాత రెండు నెలలు చేతి మగ్గం మీద కూసోని చీర నేసిండు. ఆయనకు నేనేం చెప్పాలె?"

"ఒంటి గంటకు కోరుట్ల పోవాలె," అని డ్రైవర్ మహిపాల్ అన్న తలుపు దగ్గర నుంచి కేకేశాడు.

"పోండ్రి. నేను రాను," అంది రుక్కమ్మ.

నేను సీరియల్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. నేను బతిమాలగా బతిమాలగా ఆయన, హీరోయిన్ రెండు నిమిషాలు వీడియో కాల్‌లో మాట్లాడుతుందని చెప్పాడు. ఆశగా ఫోన్ తెచ్చి రుక్కమ్మ ముందు పెట్టాను.

"ఫోన్ల ఒడి ఎట్ల పోస్తర్రా?" అంది ఆమె. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా అమ్మ అన్నం డబ్బాలు మోసుకొని వచ్చింది. అమ్మ పేరు రాజక్క. టూర్ వాళ్లకు మధ్యాహ్నం భోజనం వండేది ఆమే. అంతకు ముందు, షూటింగ్ ఇక్కడే ఉన్నన్నాళ్లూ, రోజు కూలికి రాణి వెనక నెమలీకల విసనకర్ర పట్టుకొని నిలబడింది. రెండు వందల ఎపిసోడ్లు నిలబడింది, ఒక్క డైలాగూ లేదు. మా ఊళ్లో కూడా ఆమెను టీవీలో గుర్తుపట్టిన వాళ్లు లేరు.

రుక్కమ్మ తలెత్తి చూసింది. ఇంకోసారి చూసింది. "నువ్వు విసనకర్ర పిల్లవు గాదూ?"

అమ్మ సిగ్గుపడింది. "అవునమ్మా."

"రాణిని ఎళ్లగొట్టిన నాడు నువ్వు ఎనుక నిలబడి ఏడ్సినవ్. రాణి ఏడ్సింది కండ్లల్ల మందు పెట్టుకోని, గది నాకు ఎర్కే. నువ్వు ఉత్తగ ఏడ్వలే. నిజంగ ఏడ్సినవ్."

అమ్మ డబ్బాలు కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"గా రోజు డైరెక్టర్ సుత తిట్టిండు, నువ్వెందుకు ఏడుస్తున్నవని. మా అమ్మ పోయి పంతొమ్మిదేండ్లాయె. అన్నదమ్ములు లేరు. నాకు ఒడి పోసేటోళ్లు ఎవ్వరు లేరమ్మా. గా సీన్ల అదే యాదికొచ్చింది."

నాకు ఇరవై ఆరేళ్లు. అమ్మ వండితే తిన్నాను, ఉతికితే తొడుక్కున్నాను. పక్కింటి వాళ్లకు ఒడిబియ్యం వచ్చిన రోజు ఆమె ఎందుకు పెందలాడే పనికి వెళ్లిపోయేదో ఒక్కసారీ అడగలేదు.

"మొగడున్నడా?" అని అడిగింది రుక్కమ్మ.

"ఉన్నడు. దుబాయిల."

"పిల్లలు?"

"ఒక్కడే. గీ గైడు."

రుక్కమ్మ నన్ను ఒకసారి చూసింది. అది మెచ్చుకున్న చూపు కాదు. తర్వాత మూట ముడి విప్పింది. "ఐతే ఒడి పట్టు బిడ్డా."

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దమ్మా. మేం భూమి లేనోళ్లం, కూలికి పోయేటోళ్లం. మా వాడ వేరు. మీరు మా ఇంట్ల నీళ్లు సుత తాగరు."

రుక్కమ్మ చెయ్యి బియ్యంలో ఆగింది. ఆగింది ఒక్క క్షణమే కావచ్చు. నేను మాత్రం అంత పొడుగు క్షణం ఎప్పుడూ చూడలేదు. ప్రవీణ కూడా నానమ్మనే చూస్తోంది.

"టీవీల ఉన్న పిల్లది ఏ వాడనో అడిగిన్నా నేను?" అంది చివరికి రుక్కమ్మ. "దానికి అడగంది నీకెందుకు అడుగుత? మీ ఇంట్ల నీళ్లేంది, అన్నమే తింట. పట్టు."

ప్రవీణ ముందుకొచ్చి మా అమ్మ చెయ్యి పట్టుకుంది. తీసుకెళ్లి సోఫా దుకాణం వారి సింహాసనం మీద కూర్చోబెట్టింది. బస్సులోని ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. రుక్కమ్మ బొట్టు పెట్టి, నీలం చీర ఒడిలో పెట్టి, పసుపు బియ్యం దోసిళ్లతో ఐదుసార్లు పోసింది. అమ్మ ఏడుస్తూ నవ్వింది. పద్ధతి ప్రకారం పిడికెడు బియ్యం తిరిగి రుక్కమ్మ కొంగులో వేసింది. అట్ట బొమ్మ రాణి మూల నుంచి చూస్తూ, కారుతున్న కప్పు కింద తడుస్తోంది.

ఎవరో నా చేతిలోని తలపాగా గుడ్డ లాక్కొని నా ముఖం మీద పెట్టారు.

"కండ్లు తుడ్సుకో," అంది ప్రవీణ. "గైడు ఏడ్వొద్దని రూల్ లేదా?"

"కోపం పోయిందా?"

"సగం."

కోరుట్ల బజారు సెట్టులో ఆమె నాతో మాట్లాడలేదు గానీ, గాజుల దుకాణం ముందు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. రెండుసార్లూ నేను చూస్తూనే ఉన్నాను. జగిత్యాల కోట ఎక్కాక వాన వెలిసింది. నేను మైకు కట్టేసి, "గీ కోట గురించి నాకు సక్కగ తెల్వదు, మేడం చెప్తరు," అన్నాను. ఆమె అరగంట చెప్పింది. అందరూ నోరు తెరుచుకొని విన్నారు. నేను మాటలు వినలేదు, ముఖమే చూశాను.

అందరూ ఫొటోలకు వెళ్లాక ఆమె నా పక్కన గోడకు ఆనుకుంది. ఇది రంగు అంటని గోడ.

"ఒక లెక్క చెప్పు గైడ్. మా నానమ్మ మీ అమ్మకు ఒడి పోసింది. అంటే మీ అమ్మ మా నానమ్మకు ఏమైతది?"

"బిడ్డ."

"నానమ్మ బిడ్డ నాకేమైతది?"

"మేనత్త."

"మేనత్త కొడుకు?"

ఈ లెక్క నాకు దర్బారు హాల్లోనే వచ్చింది, పైకి చెప్పే ధైర్యమే రాలేదు. "మీరే చెప్పున్రి. మీరు టీచర్ గదా."

"నాకు సుత తెల్సు. నీ నోట వినాలని."

"...బావ."

అనేశాను. ఆమె గుట్టల వైపు తిరిగింది. ఇక్కడ అద్దం లేదు, అయినా ఆమె నవ్వుతోందని నాకు తెలుసు.

"ప్రవీణా," అన్నాను. మేడం అనే మాట ఎటు పోయిందో పోయింది. "పొద్దున అబద్ధమాడిన. ఇప్పుడు నిజం చెప్తున్న. నువ్వంటే నాకు మస్తు ఇష్టమైంది. లెక్క కుదిరినా, కుదరకపోయినా."

కింద బస్సు హారన్ మోగింది.

"మిగిలిన సగం సుత పోయింది," అని చెప్పి మెట్లు దిగి పరుగు తీసింది.

సాయంత్రం సిరిసిల్లలో బస్సు ఆగేసరికి తాత నర్సయ్య సైకిల్ పట్టుకొని చౌక్‌లో ఎదురు చూస్తున్నాడు.

"రాణి దొరికిందా?" అని అడిగాడు.

"రాణి దొరకలే. బిడ్డ దొరికింది," అంది రుక్కమ్మ. "ఆదివారం ఒడిబియ్యం వండుకుంటరట. తల్లిగారోళ్లం మనం పోవాలె, ఇంటిల్లిపాది." తర్వాత నన్ను చెయ్యి పట్టి ముందుకు లాగింది. "గీడు మనుమడు."

తాత నన్ను చూశాడు. తర్వాత ప్రవీణను చూశాడు. ఆమె గొడుగు వైపు చూస్తోంది, నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను. యాభై ఏళ్లు పోగులు చూసిన కళ్లు ఆయనవి, రెండు పోగులు ఎక్కడ చిక్కు పడ్డాయో కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టదు.

"మనుమడంటే..." అని మీసం నిమురుకున్నాడు. "మగ్గం మీద ఇంకో చీర ఎక్కియ్యాలె అన్నట్టు. పెండ్లి చీరంటే పెద్దంచు గావాలె. రెండు నెలలు పడ్తది మరి."

రుక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. నేను ప్రవీణ వైపు చూశాను.

ఆమె గొడుగు విప్పింది, వాన లేకపోయినా. దాని చాటు నుంచి మెల్లగా, కానీ బస్సంతటికీ వినపడేలా అంది.

"జెర జల్ది నెయ్యి తాతా."