నడిమి గోడ మీది కొప్పు

శనివారం పొద్దున ధనమ్మ చాయ్ గ్లాసులతో బయటికి వచ్చేసరికి, కూతురు జెన్నీ వాకిట్లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంటి కప్పునూ తెరనూ మార్చి మార్చి చూస్తోంది. చిన్న మంగళారంలో ఆ పెంకుటిల్లు జెన్నీ తండ్రి సాలోమోను ముప్పై ఏళ్ల కిందట తన చేతులతో కట్టింది. అప్పట్లో ఆయన చేవెళ్ల చుట్టుపక్కల పేరున్న మేస్త్రి. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ, ఆ ఇంటి సంగతి ఎత్తితే చాలు, మనిషి నిటారుగా కూర్చుంటాడు.

కొడుకు సుకుమార్‌కేమో ఆ కప్పు దింపించి స్లాబ్ వేయించి, పైన గదులు కట్టాలని ఒకటే పట్టుదల. ఉన్న ఇంటి బొమ్మ ముందు, కాబోయే ఇంటి బొమ్మ తర్వాత గీసిపెట్టమని చెల్లెలికి పని అప్పగించాడు. మొయినాబాద్‌లో ఫామ్‌హౌసులకు ప్లాన్లు గీసే ఆఫీసులో ఆమెకు రెండేళ్ల అనుభవం. గోడలు కొలిచి కంప్యూటర్లో నిలబెట్టి, రూఫ్ బటన్ నొక్కింది. రెండు వైపులా సమానమైన వాలుతో ముచ్చటైన కప్పు వచ్చి కూర్చుంది.

అసలు కప్పు అలా లేదు. రెండు వాలులూ కలిసే కొప్పు నడిమధ్యన లేకుండా రెండడుగులు వెనక్కి ఉంది. ముందు వాలు పొడుగు, వెనక వాలు పొట్టి, ఇంకాస్త నిటారు. బాపు చెయ్యి అక్కడ కొంచెం తప్పిందేమో అనుకుంది పిల్ల. తండ్రి పరువు కాపాడుతున్నానని మురిసిపోయి, బటన్ ఇచ్చిన కప్పునే ఉంచేసింది. ప్రేమతో చేసే తప్పుకు సిగ్గుండదు కదా!

అంతలో సుకుమార్ స్లాబ్ మేస్త్రి మల్లప్పను వెంటబెట్టుకుని రానే వచ్చాడు.

"సూడు మల్లప్పన్నా, కంప్యూటర్ల ఎంత సక్కగున్నదో! మన ఇల్లేమో గిట్ల వంకర. మా బాపు కొలత తప్పిండు."

మల్లప్ప తలెత్తి చూశాడు. "అవును గదా, కొప్పు నడుమల లేనే లేదు. సోమారం మనుషులను తోల్త. రెండు రోజులల్ల దింపేస్తరు."

గడప దగ్గర నిలబడి సాలోమోను అంతా విన్నాడు. మెల్లగా వచ్చి తెర మీదికి వంగాడు.

"ఇది ఎవరిల్లు బిడ్డా?"

"మనదే బాపు."

"కాదు. మనది గిట్లుండదు."

"ఇంకెన్ని రోజులు బాపు గీ పట్టు?" సుకుమార్ గొంతు పెంచాడు. "బడికి పోయినప్పటి సంది వంకర కప్పోళ్ల పోరడని నన్ను పిలుస్తుండె. నువ్వు చేసిన తప్పు మేమెందుకు మొయ్యాలె?"

"నోరు మూస్తవా లేదా!" ధనమ్మ కసిరింది. "గా కప్పు కిందనే గదరా పెరిగినవ్!"

సాలోమోను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "సోమారమే దింపుర్రి. పని రానోడు కట్టిన కప్పు ఎందుకు," అని తువ్వాల భుజాన వేసుకుని చర్చి వైపు వెళ్లిపోయాడు. కొడుకు కూడా మల్లప్పను దింపి రావడానికి బండి తీశాడు.

జెన్నీకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ బొమ్మ గీసింది తనే. అన్న నోటికి మాట అందించింది తనే. కళ్లు తుడుచుకుని నిచ్చెన తెచ్చింది. తల్లి కింద పట్టుకుంటే, తను పైకెక్కి టేపుతో ఒక్కొక్క వాసం కొలిచింది. కొప్పు కింది దూలం సరిగ్గా హాలుకూ వంటింటికీ మధ్య గోడ మీదే కూర్చుంది. ఒక్క అంగుళం అటూ ఇటూ లేదు.

కిందికి దిగి, తన సక్కటి బొమ్మలోనూ ఒక దూలం పెట్టి చూసింది. దాని కింద గోడ లేదు. గోడకు రెండడుగుల ముందు, హాల్లో గాలిలో వేలాడుతోంది!

మధ్యాహ్నానికి తండ్రి రాగానే చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"బాపు, కొప్పు నడుమల పెడితే హాలుల కంబాలు నిలబెట్టాలె. గందుకే ఎనక్కి జరిపినవా?"

"మరేందనుకున్నవ్?" సాలోమోను కళ్లలో వెలుగు తిరిగొచ్చింది. "అప్పుడు చర్చికి కప్పు లేకుండె. ఆదివారం ప్రార్థనకు అందరు మనింట్లనే కూసుంటుండె. అడ్డంగ కంబాలుంటే ఎనకోళ్లకు పాస్టరు ముఖం కనవడదు. గందుకని హాలుకు పద్నాలుగడుగులు ఇచ్చి, వంటింటికి పది సరిపెట్టిన. నడిమి గోడ ఏడనో కొప్పు గూడ ఆడనే."

"మరి రెండు దిక్కుల చూరు ఒక్క ఎత్తుల ఎట్ల తెచ్చినవ్?"

"నీళ్ల పైపు పట్టి మట్టం చూసి గీత కొట్టిన. గోడల మీది నుంచి కొప్పుకు ఏడడుగులు. ముందుకు పద్నాలుగు, ఎనక్కి పది. రాసుకో."

జెన్నీ బటన్ కప్పును తుడిచేసింది. తండ్రి చెప్పిన లెక్కతో ఒక్కో వాలునూ విడిగా గీసింది. ముందు వాలు ఇరవై ఆరున్నర డిగ్రీలకు చేరింది, వెనకది ముప్పై అయిదుకు. రెండూ కొప్పు దగ్గర వేలెడు సందు లేకుండా కలిశాయి. ఆఫీసులో ఎంత పెద్ద ప్లాను గీసినా ఆమెకు అంత గర్వం కలగలేదు.

సుకుమార్ తిరిగొచ్చాక రెండు బొమ్మలూ ముందు పెట్టింది. "చెప్పన్నా, ఇందుల ఏది నిలబడతది?"

అతను గాలిలో ఉన్న దూలాన్ని చూశాడు. తర్వాత గోడ మీద కూర్చున్న దాన్ని చూశాడు. లేచి హాల్లోకి వెళ్లి, మధ్యన నిలబడి పైకి చూశాడు. బయటికి వచ్చేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"గీ హాలులనే పండిన, లేచిన. ఒక్క కంబం గూడ ఎందుకు లేదని ఎన్నడన్న అడిగిన్నా బాపు?" అని తండ్రి ముందు కూలబడ్డాడు. "జర మాఫ్ చెయ్యి." అక్కడి నుంచే ఫోన్ కలిపాడు. "మల్లప్పన్నా, సోమారం రావద్దు. గదులు పక్క జాగల ఏసుకుంటం. కొలత తప్పింది మా బాపు కాదు, నేను."

ఫోన్ పెట్టేసి మళ్లీ తెర చూసి ముఖం చిట్లించాడు. "గిదేందే, మూలకు డిజైన్ జెన్నీ అని రాసుకున్నవ్? సిగ్గులేదా? తియ్యి!"

జెన్నీ నవ్వుతూ ఆ పేరు చెరిపి, "సాలోమోను మేస్త్రి" అని కొట్టింది. ఆయన నాలుగో తరగతి చదువుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాడు.

"బిడ్డ పేరు గూడ ఉండనియ్యిరా. నేను కట్టిన, అది లెక్క తేల్చింది." కొడుకు భుజం తట్టాడు. "చేవెళ్లకు పోయి దీన్ని పెద్ద కాయితం మీద తీపిచ్చుకరా. రంగులల్ల. రేపు చర్చిల అందరికి సూపెట్టాలె."

"అయ్యో దేవుడా, రేపు పాస్టరును ప్రసంగం చెప్పనిచ్చేటట్టు లేవు!" అంది ధనమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.